శాకతైల కందెనలు

యంత్రభాగాల రాపిడి తగ్గించడానికి గింజల నూనెలతో చేసే నూనెలు, గ్రీజులు. తెలుగునాట వీటి చరిత్ర చాలావరకు ఆముదం చరిత్రే. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన పెట్టేవారు.

1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి పడ్డాక ఖనిజతైలం చౌకై శాకతైలాలు వెనకబడ్డాయి. ఆముదం మాత్రం పెట్రోలులో సులువుగా కరగదు కాబట్టి మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకు అదే దిక్కయింది. ఇంజను వెదజల్లే తుంపర మింగి పైలట్లకు విరేచనాలు పట్టుకునేవని చెప్పుకుంటారు. రెండో యుద్ధకాలంలో రసాయన శాస్త్రవేత్త శాంతిస్వరూప్ భట్నాగర్ బృందం శాకతైల మిశ్రమాలను ఇంధనాలుగా, కందెనలుగా పనికొచ్చేలా చేసింది. తెలుగునాట ఈ కందెనల మీద పనిచేసింది 1944లో నిజాం రాజ్యంలో మొదలైన పరిశోధనశాల; అదే 1956లో ప్రాంతీయ పరిశోధనశాల, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అయింది. ఈ సంస్థ హైదరాబాదులోని తార్నాకలో ఉంది.

ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. అందులోని హైడ్రాక్సిల్ గుంపు వల్లే నూనెకు ఆ చిక్కదనం. దానికి హైడ్రోజన్ పట్టిస్తే వచ్చే 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లపు లిథియం సబ్బు 1940ల నుంచి గ్రీజును గడ్డకట్టిస్తోంది. అంటే పెట్రోలియం గ్రీజు అనుకుని బేరింగులో కూరేదాంట్లోనూ తరచుగా ఆముదం ఉంటుంది. ఖనిజతైలం గెలిచిందన్న మాట సగమే నిజం.

శాకతైలం లోహానికి బాగా అంటుకుంటుంది, మట్టిలో తేలిగ్గా కుళ్లిపోతుంది. కానీ వేడికి తాళలేదు, గాలి తగిలితే జిగటవుతుంది. వేడికి, నూనె అణువులోని గ్లిజరాల్ నడిమి కార్బన్ మీది హైడ్రోజన్ దగ్గరే అణువు విరుగుతుంది. అందుకే గ్లిజరాల్‌ను తీసేసి, అలాంటి హైడ్రోజన్ లేని ట్రైమిథైలాల్‌ప్రొపేన్‌తో కొవ్వు ఆమ్లాలను ఎస్టర్లుగా కలుపుతారు. తార్నాక శాస్త్రవేత్తలు కానుగ నూనెతో ఇలాంటి ఎస్టర్లు చేశారు. ఆముదాన్ని తీవ్రమైన వేడిమీద విడగొడితే దొరికే అన్‌డెసినోయిక్ ఆమ్లంతోనూ చేసి చూశారు. వంటనూనెను భారీగా దిగుమతి చేసుకునే దేశంలో తినని నూనెలను ఎంచుకోవడం సబబే.

ముడిసరుకు మాత్రం ఊరు మారింది. ఒకప్పుడు నల్గొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల్లో విస్తారంగా పండిన ఆముదం పత్తికి చోటిచ్చింది. 1968లో తొలి సంకర రకం విడుదల చేసిన గుజరాత్ నీటివసతితో ముందుకు దూకి, నేడు దేశపు ఆముదంలో అత్యధిక భాగం పండిస్తోంది.