అసలు ఇల్లు ఏది?

లండన్‌లో ఫ్రెడరిక్ లెయిటన్ అనే ముసవ్విర్ ఇంటి తారీఖు చదువుతుంటే నాకు మన పాత దేవిడీలే గుర్తొచ్చాయి.

విక్టోరియా రాణి జమానాలో, 1877లో, ఆయన తన ఇంటికి అరబ్ హాల్ కట్టించడం మొదలుపెట్టాడు. షామ్ దేశపు దమిష్క్ నుంచి తెప్పించిన పాత నగిషీ పలకలు, నడుమ ఫవ్వారా, గోడ మీద సూరె రహ్మాన్ ఆయతులు. 1896లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక సామానంతా వేలంలో పోయింది. శతాబ్దం దాటాక పాత ఫోటోలు, కాగితాలు వెతికి మరమ్మతు చేశారు. 2010కల్లా ఇంటికి తొలినాటి రౌనఖ్ తిరిగొచ్చింది.

కాబిలే తారీఫ్ పనే. కానీ ఆ పలకలకు లండన్ రెండో ఇల్లు. వాటి మొదటి గోడను ఎవరు మరమ్మతు చేస్తారు?

మీ దాదాల నాటి తలుపు కబాడీకి వెళ్లేలోపు ఒక్క ఫోటో తీసి పెట్టండి. రేపు అదే గవాహీ.