ఉమ్మడి గోడ బొల్లారం దాకా ఎందుకు రాలేదు

ఇంగ్లండులో జార్జి పేరుగల రాజులు వరసగా ఏలిన 1714–1830 నడుమ కట్టిన ఇళ్లనగానే గుర్తొచ్చేది ఇటుక ఇళ్ల బారు: ఒకే ఎత్తు, ఒకే తీరు కిటికీలు, రెండిళ్లకూ కలిపి ఒకటే గోడ. మన సికింద్రాబాదు దండు పుట్టిందీ ఆ రోజుల్లోనే. నిజాంతో 1798 ఒప్పందం వల్ల ఈస్టిండియా కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో ఊరికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆ కాలపు స్తంభాలు కోఠీ రెసిడెన్సీ ముందు ఆరు నిలిచాయి. ఉమ్మడి గోడ మాత్రం మేడ్చల్, శామీర్‌పేటల వైపు సాగిన దండు కొసన, బొల్లారంలో, దొరల ఇళ్లకు రాలేదు. అక్కడ వెలిసింది తోట నడుమ బంగళా.

ఇళ్ల బారు అభిరుచి వల్ల పుట్టింది కాదు, నేల లెక్క వల్ల పుట్టిందని నా వాదం. లండనులో భూస్వామి నేలను కౌలుకిస్తే మేస్త్రీ దాన్ని వీధివైపు సన్నటి ముక్కలుగా కోసి, లోతుకూ ఎత్తుకూ ఇల్లు పెంచేవాడు. 1666 అగ్నిప్రమాదం తర్వాత ఇటుకో రాయో తప్పనిసరైంది. 1774 చట్టం కట్టడాలను ఏడు తరగతులుగా విడగొట్టి, ఉమ్మడి గోడ మందమెంతో, కిటికీ చట్రం ఇటుక వెనక్కి ఎంత జరగాలో చెప్పింది. మనం అందమనుకునే ఆ పొందిక సగం నిప్పు భయం, సగం అద్దె లెక్క. బొల్లారంలో ఈ రెండూ లేవు. 1860లో కట్టిన అక్కడి రెసిడెన్సీ, నేటి రాష్ట్రపతి నిలయం, ఒంటి అంతస్తు ఇల్లు. దాని ఆవరణ 90 ఎకరాలు.

ఎండ వల్లే కదా అనవచ్చు. అదే ఎండలో మన పాత ఊళ్ల వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకునే ఉన్నాయి. పక్కింటి గోడ ఎండను ఆపుతుంది, భవంతి ఇంటి నడిమి వాకిలి గాలినీ వెలుగునూ ఇస్తుంది. రోగాల భయమన్నది ఇంకాస్త బలమైన మాట. సైనికుల ఆరోగ్యంపై 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఎడం ఎడంగా కట్టమనే చెప్పింది. కానీ బంగళాల మధ్య ఎడం అంతకు అరవై ఏళ్ల ముందునుంచే ఉంది. నివేదిక దానికి కారణం కాదు, తర్వాత దొరికిన సమర్థన. అదే దండు బజారులో, గజం నేలకు కూడా విలువున్న చోట, వర్తకులు దుకాణం మీద ఇల్లు కట్టుకుని గోడలు కలుపుకున్నారు. నేల ఒకటే, ఎండ ఒకటే. మారింది వెల, హోదా. దొరకు పక్కింటితో గోడ పంచుకోవడం హోదాకు తక్కువ.

ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేటల్లో ఎకరాల లెక్క గజాల్లోకి దిగింది. 2012 భవన నిబంధనలు బారు ఇళ్లను ఒప్పుకుంటాయి, వరసకు ఎనిమిది మించకుండా. అయినా అమ్మకపు పలకల మీద పెద్దక్షరాల్లో కనిపించేది విల్లా అన్న మాటే. బొల్లారం బంగళా నేర్పిన ఎడం, ఇప్పుడు రెండు గోడల మధ్య మనిషి పట్టేంత సందుగా మిగిలింది.