అక్బర్ ఫుప్పీజాన్ సఫర్

మన ఖాందాన్లలో ఎవరింట్లోనైనా శజ్రా తీసి చూడండి. ఫలానా సాహెబ్ కొడుకు ఫలానా సాహెబ్ అని మగవాళ్ల పేర్లు ఏడెనిమిది తరాలు దొరుకుతాయి. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల పేరే ఉండదు. బాదుషాల తవారీఖ్ కూడా మనకు అలాగే అందింది. ఉర్దూ మీడియం బళ్లో పానిపట్ 1526, చౌసా 1539, కనౌజ్ 1540 అని తారీఖులు బట్టీ పట్టాం. ఆ జంగ్‌ల వెనక జనానాలో ఎవరు తప్పిపోయారో, ఎవరి కోసం ఎవరు ఏడ్చారో రాసిపెట్టిన మనిషి పేరు మాత్రం మా కితాబులో లేదు.

ఆమె గుల్‌బదన్ బేగం. బాబర్ బేటీ, హుమాయూన్ సవతి చెల్లెలు, అక్బర్‌కు మేనత్త, అంటే ఫుప్పీ. (బాదుషాలను 'వచ్చాడు, పోయాడు' అనేస్తాను గానీ, ఇంటి పెద్దావిడను అలా అనడానికి నా కలమ్ ఒప్పుకోదు.)

1523లో కాబూల్‌లో పుట్టారు. కన్నతల్లి దిల్దార్ బేగం, పెంచింది హుమాయూన్ తల్లి మాహం బేగం. రెండేళ్ల పసిదిగా ఉండగా అబ్బాజాన్ హిందుస్తాన్ మీదికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన్ను చూసింది ఆరేళ్ల వయసులో, ఖైబర్ కనుమ దాటి ఆగ్రా చేరాక, 1529లో. ఆ మరుసటి ఏడాదే బాబర్ ఇంతెఖాల్. తర్వాత హుమాయూన్ షేర్‌షా చేతిలో ఓడిపోయాడు. ఖాందాన్ చెల్లాచెదురైంది. ఆమె తిరిగి కాబూల్ చేరారు. ఖిజ్ర్ ఖ్వాజా ఖాన్‌తో నికాహ్ అయింది, పిల్లలు పుట్టారు. 1557లో, అక్బర్ తఖ్త్ ఎక్కాక, హమీదా బానూ బేగంతో కలిసి మళ్లీ హిందుస్తాన్ వచ్చారు.

ఇవన్నీ రాజులు ఓడినందుకో గెలిచినందుకో చేసిన సఫర్లు. తనకు తానుగా కోరుకుని బయల్దేరింది ఒక్కటే, హజ్.

1575లో ఫతేపూర్ సిక్రీ నుంచి బేగముల కాఫిలా కదిలింది. దానికి పెద్ద గుల్‌బదనే, వయసు 52. అక్బర్ భార్య సలీమా సుల్తాన్ బేగం కూడా వెంట ఉన్నారు. ఆ కాలంలో సముద్రం మీద పెత్తనం పోర్చుగీసు వాళ్లది, వాళ్ల పరవానా లేకుండా జహాజ్ కదలదు. ఆ పరవానా మీద మరియం, ఈసాల బొమ్మలుంటాయి, నేల దారిలో పోదామంటే ఖిజిల్‌బాష్‌ల భయం, కాబట్టి హిందుస్తాన్ వాళ్ల మీద హజ్ ఫర్జే కాదని వాదించిన ఉలేమా కూడా ఉన్నారు. ఆ వాదనతో ఇంట్లో కూర్చోవచ్చు. ఈ ఆడవాళ్లు కూర్చోలేదు. పరవానా కోసం సూరత్‌లో దాదాపు ఏడాది పడిగాపులు పడి, 1576లో జహాజ్ ఎక్కారు.

2018లో మన సర్కారు 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లు మెహ్రమ్ లేకుండా జట్టుగా హజ్‌కు వెళ్లొచ్చని అన్నప్పుడు మన ఇళ్లలో ఎంత బహస్ జరిగిందో గుర్తుందా? గుల్‌బదన్ కాఫిలా వెంట అక్బర్ పంపిన మనుషులున్నారు, నిజమే. కానీ అన్ని శతాబ్దాల కిందట, షంషాబాద్‌లో విమానం ఎక్కితే ఆ రోజుకే జిద్దా చేరే సుఖం లేని కాలంలో, ఆ వయసులో ఆమె ఇంతమందిని వెంటబెట్టుకుని సముద్రం దాటారు.

అక్కడ మూడేళ్లకు పైగా ఉన్నారు, నాలుగు హజ్‌లు చేశారు. ఖైరాత్ కూడా బాగా చేశారు. ఇస్తాంబుల్ సుల్తాన్ మూడో మురాద్‌కు ఇది నచ్చలేదు. హిందుస్తాన్ బేగముల వల్ల మక్కాలో రద్దీ, తిండికి కరువు అని ఫిర్యాదులు వెళ్లాయి, వాళ్లను వెనక్కి పంపమని ఫర్మానాలు వచ్చాయి. ఒక బాదుషా ఫుప్పీ ఖైరాత్ చేస్తుంటే ఇంకో బాదుషాకు తన పేరు తగ్గిపోతుందేమోనన్న దిగులు కూడా అందులో ఉందని నా అనుమానం. తిరుగు ప్రయాణంలో ఆదెన్ దగ్గర జహాజ్ పగిలింది. నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. ఫతేపూర్ సిక్రీ చేరింది 1582లో. ఇల్లు వదిలి ఏడేళ్లు!

వచ్చాక 1587 ప్రాంతంలో, మర్హూమ్ బాబర్, హుమాయూన్‌ల గురించి గుర్తున్నంత రాయమని అక్బర్ అడిగాడు. మనం 'హుమాయూన్ నామా' అంటున్నది అదే. పెద్ద మున్షీల అలంకారాలు లేవు. ఇంట్లో మాట్లాడే సాదా ఫార్సీ, మధ్యమధ్య తుర్కీ మాటలు. మాహం బేగం వస్తోందని తెలిసి బాబర్ గుర్రం తెచ్చేదాకా ఆగలేక కాలినడకన ఎదురెళ్లడం అందులో ఉంది. అసస్ అనే ముసలి నౌకరును ఏడిపించడానికి కాబూల్‌కు ఒకే ఒక్క అష్రఫీ పంపించిన మజాక్ ఉంది. ఒక్కటేనా అని అతను మూడ్రోజులు కుమిలిపోయాక కళ్లకు గంతలు కట్టి మెళ్లో వేస్తే, అది మోయలేనంత పెద్ద నాణెం! చౌసా దగ్గర తప్పిపోయిన హుమాయూన్ చిట్టికూతురు అఖీఖా ఉంది. హుమాయూన్‌ను చేసుకోనని నలభై రోజులు మొండికేసిన హమీదా ఉంది. ఆ హమీదాయే అక్బర్ తల్లి.

1551లో సొంత అన్న, అంటే కడుపుతోబుట్టువు హిందాల్‌ను కమ్రాన్ మనుషులు రాత్రి దాడిలో చంపేశారు. ఆ కత్తి నాకు తగిలినా, నా కొడుక్కి తగిలినా, నా షౌహర్‌కు తగిలినా బాగుండేదని ఆమె రాసుకున్నారు. కొడుకు పేరుతో సహా రాశారు. ఏ దర్బారీ తవారీఖ్‌లో దొరుకుతుంది ఈ మాట?

ఇప్పుడు మనకున్నది ఒక్కటే రాతప్రతి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1902లో ఆనెట్ బెవరిడ్జ్ అనే ఆవిడ ఇంగ్లిష్‌లోకి తెచ్చేదాకా దాని గురించి పెద్దగా ఎవరికీ పట్టలేదు. అది కూడా కమ్రాన్ కళ్లు పొడిపించిన 1553 దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంటే సూరత్‌లో ఏడాది ఎదురుచూపు, మొదటి తవాఫ్, ఆదెన్‌లో పగిలిన జహాజ్, వీటి గురించి ఆమె కలమ్ నుంచి ఒక్క సతర్ మనకు లేదు. అందరి కథ చెప్పిన ఫుప్పీజాన్ తన హజ్ కథ మనకు వేరేవాళ్ల నోట వినిపిస్తోంది. ఆ ప్రతి చూసినప్పుడల్లా మిగతా పేజీలు ఎవరి పెట్టెలో చెదలు పట్టిపోయాయో అనిపిస్తుంది.

1603 ఫిబ్రవరిలో ఆగ్రాలో ఇంతెఖాల్ అయ్యారు, 80 ఏళ్ల వయసులో. పక్కన హమీదా బానూ ఉన్నారు. అక్బర్ బాదుషా తానే జనాజాకు భుజం పట్టి కొంత దూరం నడిచాడు.