ప్రస్తారమూ పిన్నులూ

ఛందస్సుకు మూలం గురులఘువులు రెండే. మూడక్షరాల చోట వాటిని వరుస తప్పక పరిస్తే మ, య, ర, స, త, జ, భ, న అనే ఎనిమిది గణాలు ఏర్పడతాయి. పింగళుడు ఛందస్సూత్రాలలో గణాలను చెప్పినది ఈ వరుసలోనే. కలిగిరి ప్రాంతపు బళ్లలో పిల్లలచేత ‘యమాతారాజభానసలగం’ వల్లె వేయించినవాణ్ణి నేను. గణాన్ని గుర్తుపట్టడానికి అది చాలును. వరుసలోని మర్మం తెలియాలంటే ప్రస్తారమే చూడాలి.

గురువును సున్న, లఘువును ఒకటి అనుకొందాం. మొదటి అక్షరానికి ఒక పాలు, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు ఇద్దాం. మ-గణం విలువ సున్న, య-గణం ఒకటి, ర-గణం రెండు. ఇట్లే సాగి న-గణం ఏడవుతుంది. లైబ్నిజ్ ద్విసంఖ్యా గణితాన్ని వివరిస్తూ 1703లో ప్రచురించిన లెక్క కూడా ఇటువంటిదే.

ఇక మైక్రోకంట్రోలరు సంగతి. 1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 1000, 1980లో ఇంటెల్ వారి 8051 విపణిలోకి వచ్చాయి. ఇటువంటి చిప్పులో మామూలు అవుట్‌పుట్ పిన్నుకు రెండే స్థితులు. ఐదు వోల్టుల చిప్పయితే సున్న, లేదా ఐదు. కాని స్పీకరు పలకాలంటే నడిమి విలువలు కావాలి. అందుకు మూడు పిన్నులకు రెసిస్టర్ల నిచ్చెన కడతారు. అందులో ఒక రకం రెసిస్టరు విలువ రెండవదానికి రెట్టింపు. అప్పుడు ఐదు వోల్టులు ఎనిమిది పాళ్లవుతాయి. పిన్నుల మీద జ-గణం పెడితే ఒకటీ నాలుగూ కలిసి ఐదు పాళ్లు, అనగా 3.125 వోల్టులు వస్తుంది.

ఎనిమిది పిన్నులతో 256 మెట్లు వస్తాయి. అన్ని పిన్నులు లేనప్పుడు ఒక్కదానితోనే పని జరిపే ఉపాయం ఉంది. పిన్నును అతివేగంగా వెలిగించి ఆర్పుతారు. సగం కాలం వెలిగితే సగటు 2.5 వోల్టులు, రెసిస్టరు, కెపాసిటరు ఆ ఒడుదొడుకులను చదును చేస్తాయి. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డుయినో కుటుంబపు ఊనో బోర్డు చాలా పిన్నులపై ఈ పని సెకనుకు సుమారు 490 మార్లు చేస్తుంది. నిచ్చెనలో విలువ స్థానాన్ని బట్టి, ఇక్కడ కాలాన్ని బట్టి. మన పరిభాషలో మొదటిది అక్షరగణ పద్ధతి, రెండవది మాత్రాగణ పద్ధతి.

పింగళుడే కంప్యూటరు కనిపెట్టాడని సభలలో చెప్పేవారున్నారు. అది సత్యం కాదు. ఆయన లెక్కించినది వృత్తభేదాలను. విద్యుత్తు ఆయన ఎరుగడు. లేని ఘనతను అంటగడితే ఉన్న ఘనత కూడా నవ్వులపాలవుతుంది. రెండే వస్తువులతో ఎంతటి వైవిధ్యాన్నైనా ఒక్కటీ జారిపోకుండా పరచవచ్చునని చూపడమే ఆయన ఘనత. తెలుగు తరగతిలో ప్రస్తారం చక్కగా నేర్చిన పిల్లవానికి ఆ నిచ్చెన సగం తెలిసినట్లే. ఛందస్సు పాఠం ఈ కాలానికి పనికిరాదనే పెద్దలకు నా మనవి ఇదే.