వంత నుంచి హ్యాష్‌ట్యాగ్ వరకు: నల్లమల, భద్రాచలం మన్యం

2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనమండలి, శాసనసభ రెండూ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానించాయి. అంతకు ముందు కొన్ని వారాలుగా ‘సేవ్ నల్లమల’ అన్న మాట ట్విట్టర్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో విస్తృతంగా ప్రచారమైంది. అందువల్ల ఈ తీర్మానాలను అంతర్జాల ఉద్యమ విజయంగా పేర్కొనడం పరిపాటి అయింది. ఈ నిర్ధారణను భద్రాచలం మన్యం నుంచి చూస్తే ఒక ప్రశ్న తలెత్తుతుంది. కృష్ణా తీరపు అడవికి లభించిన ఈ స్పందన గోదావరి తీరంలో మునిగిపోతున్న గూడేలకు ఎందుకు లభించలేదు? ఆ ప్రశ్నను సాంస్కృతిక చరిత్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రేక్షకుడు కేవలం గ్రహీత కాడని, తాను స్వీకరించిన కళారూపాన్ని తిరిగి నిర్మించుకునే కర్త అని హెన్రీ జెంకిన్స్ 1992లో తన ‘టెక్స్‌చువల్ పోచర్స్’ గ్రంథంలో ప్రతిపాదించాడు. భాగస్వామ్య సంస్కృతి అన్న భావన అక్కడి నుంచి వ్యాప్తి చెందింది. అమెరికాలో 2005లో ఏర్పడిన హారీ పాటర్ అలయన్స్ ఒక నవలా పాఠకుల అభిమానాన్ని సామాజిక కార్యం వైపు మళ్లించింది. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. 1998లో చిరంజీవి రక్తనిధి ప్రారంభమైనప్పుడు అభిమాన సంఘాల శక్తి ఇదే విధంగా మళ్లింది; అప్పటికి ఫేస్‌బుక్ పుట్టనేలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే బుర్రకథ ఉంది. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని రాజకీయ ప్రచారానికి ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. కథకునికి ఇరువైపులా నిలిచే వంతలలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. వంత పల్లవిని అందుకుంటాడు, నిజమే. కానీ కథను ఆపి అడుగుతాడు, సందేహిస్తాడు, వర్తమానాన్ని కథలోకి లాగుతాడు. సభలో కూర్చున్నవాడి ప్రశ్న వంత నోట పలుకుతుంది. హ్యాష్‌ట్యాగ్‌ను అందుకున్నవాడిని ఆధునిక వంత అనవచ్చునా? అనవచ్చు, కానీ అతడికి పల్లవి మాత్రమే దక్కింది.

నల్లమల ఉదంతంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. శేఖర్ కమ్ముల, సమంత, విజయ్ దేవరకొండ, పవన్ కల్యాణ్ వంటి సినీ ప్రముఖుల ప్రకటనలతో నిరసన నగరాలకు చేరింది. మంత్రి కె. తారక రామారావు ట్విట్టర్‌లోనే జవాబిచ్చి, విషయాన్ని ముఖ్యమంత్రితో చర్చిస్తానన్నారు. ఈ క్రమం ఎంత వేగంగా సాగిందో అంత వేగంగా దాని పూర్వచరిత్ర మరుగునపడింది. నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం గనికి వ్యతిరేకంగా 2003లోనే ఆందోళనలు జరిగాయి. అమ్రాబాద్ మండలంలో చెంచులు, రైతులు రోడ్డెక్కారు. నగరవాసి పంచుకున్న చిత్రంలో మాత్రం పులి, పచ్చదనం ముందుకు వచ్చాయి. చెంచు గొంతు నేపథ్యమైంది. అయినా ఫలితం వచ్చింది గనుక ఈ లోపాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పోలవరం విషయంలో ఆ వెసులుబాటు లేదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. అదే ఏడాది జులైలో పార్లమెంటు ఆమోదించిన సవరణతో పూర్వపు ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దానిని ఆనుకుని ఉన్న యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు సరిహద్దు దాటాయి. నిర్వాసితులు కావలసిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి; వారిలో కోయలు, కొండరెడ్లు అధికం. నల్లమలలో తవ్వకం వద్దనడానికి హైదరాబాదు యువకుడు ఏమీ వదులుకోనక్కరలేదు. పోలవరం నీటి కోసం ఎదురుచూసే డెల్టా రైతు కుమారుడికి ముంపు గురించిన పోస్టు తన సొంత ప్రయోజనాన్ని ప్రశ్నిస్తుంది. పంచుకోవడానికి ఖర్చు లేని చోటే పంచుకోవడం పెరిగిందని నా అభిప్రాయం.

2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. 43, 48, 53 అడుగుల ప్రమాద హెచ్చరికలు ఇక్కడి ప్రజలకు కంఠస్థం. ఫోన్లలో నీటిమట్టం చేతులు మారడం ఈ ప్రాంతపు నిజమైన భాగస్వామ్య సంస్కృతి. అయితే వరదకు పోలవరమే కారణమని తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్ అనడం, ఐదు గ్రామాలను తిరిగి ఇవ్వాలని కోరడం, దానిని ఆంధ్ర మంత్రులు ఖండించడంతో చర్చ రెండు ప్రభుత్వాల వాదంగా మారింది. మునిగిన ఊరు ఆ వాదంలో ఒక ఆధారం స్థాయికి కుదించుకుపోయింది.

మన్యం ప్రజలకు తమ మాట చెప్పుకునే సాధనం లేదనలేము. సరిహద్దుకు అవతల బస్తరులో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో ఆదివాసీ తన భాషలో ఫోను ద్వారా మాట నమోదు చేస్తే, పరిశీలన తర్వాత అది ఇతరులకు వినిపిస్తుంది. ఇక్కడ ప్రశ్నించే హక్కు వంతకు తిరిగి దక్కింది. కోయ సమాజంలోనే డోలీల సంప్రదాయం ఉంది. వారు పడిగె అనే పటం ఎదుట ఇలవేల్పుల కథలను, గోత్రాల చరిత్రను గానం చేస్తారు. ఆ సంప్రదాయ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించడంతో దాని పేరు బయటి లోకానికి తెలిసింది.

డోలీ గానంలో వినేవారే కథకు హక్కుదారులు. తమ వేల్పు ఎక్కడ నిలిచింది, తమ పూర్వులు ఏ దారిన వచ్చారు అన్నది ఆ గోత్రం వారి ఎదుట చెబుతారు. తప్పితే వారే సరిదిద్దుతారు. అదే పాటను వీడియోగా యూట్యూబ్‌లో ఉంచినప్పుడు ఏ గోత్రం కోసం, ఏ ఊరిలో, ఎవరు పాడారన్న వివరాలు నమోదు చేయకపోతే అది వినసొంపైన జానపదంగా మాత్రమే మిగులుతుంది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాల నుంచి కదలవలసి వచ్చే గోత్రాలకు ఆ వివరాలు తమ నేల ఎక్కడుందో చెప్పే సాక్ష్యం.