పన్ను మీద క్యాప్, గుస్ల్ మీద షక్

సంతబొమ్మాళిలో ఉండే మా ఫుప్పు, టెక్కలి వెళ్లి దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకుంది. డాక్టరు క్యాప్ వేయించుకోమన్నాడు. ఆమె వేయించుకోలేదు. పైసలు ఒక్కటే కాదు వజహ్. "క్యాప్ కిందికి నీళ్లు పోవు, గుస్ల్ కాదు, గుస్ల్ కాకపోతే నమాజ్ కాదు" అని ఎవరో చెప్పారట. శ్రీకాకుళం జిల్లాలో మన ఇళ్లే బహుత్ కమ్. ఏ మసలా అయినా అడగాలంటే ఆలిమ్ దగ్గర్లో దొరకడం ముష్కిల్. ఏడాది తిరక్కుండానే చేగోడీ కొరికితే ఆ పన్ను నిలువునా చీలింది. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను లోపల డొల్లగా ఉంటుంది. నమిలే బరువుకి చీలకుండా కాచేది పైన వేసే ఆ తొడుగే.

మన కితాబుల్లో ఈ బహస్ పన్నుతో కాదు, ముక్కుతో షురూ అయింది. జాహిలియ్యత్ జమానాలో కులాబ్ జంగ్‌లో అర్‌ఫజా అనే ఆయన ముక్కు తెగింది. చాందీ ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. తర్వాత హుజూర్ (స) బంగారంతో పెట్టించుకోమన్నారు. ఈ హదీస్ అబూ దావూద్‌లోనూ తిర్మిజీలోనూ ఉంది. అహ్లె ఇల్మ్‌లో పలువురు తమ పళ్లను సోనాతో కట్టించుకున్నారని కూడా తిర్మిజీ రాశారు. ఇమామ్ అబూ హనీఫా మాత్రం పళ్లకు చాందీ చాలన్నారు. ముక్కు విషయంలో చాందీ పనికిరాలేదు కాబట్టి సోనాకి ఇజాజత్ దొరికింది, పన్నుకి చాందీతో పని జరుగుతుంది కదా అని ఆయన దలీల్. ఆయన షాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ సోనా అయినా హర్జ్ లేదన్నారు. ఉస్తాద్‌తో షాగిర్ద్ ఇలా ఖుల్లంఖుల్లాగా విభేదించడం నాకు ఎప్పుడూ ముచ్చటే.

చాందీ గురించి ఓ హకీం కూడా అదే మాట అన్నాడు. 1013లో వఫాత్ అయిన అందులుస్ జర్రాహ్ అబుల్ ఖాసిం అజ్-జహ్రావీ, 30 భాగాల 'కితాబుత్ తస్రీఫ్'లో, కదిలే పళ్లను బంగారు తీగతో కట్టమన్నాడు. చాందీ కొన్నాళ్లకే పచ్చబడి పాడవుతుంది, సోనా అలాగే ఉంటుంది అన్నాడు. ఊడిన పన్ను జాగాలో ఎద్దు ఎముకతో చెక్కిన పన్ను పెట్టొచ్చనీ రాశాడు. పన్ను కట్టడం దునియాలో మొదట మనవాళ్లే కనిపెట్టారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది జూట్. ఇటలీలో ఎట్రస్కన్లు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే బంగారు పట్టీలు వాడారు. ఇప్పటి తెల్ల క్యాప్‌కి పెద్దన్న లాంటి పింగాణీ తొడుగును 20వ శతాబ్దం మొదట్లో తెచ్చింది అమెరికాలోని డెట్రాయిట్ డాక్టరు చార్లెస్ లాండ్.

మనం ఫఖ్ర్‌గా చెప్పుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1890లో తూర్పు బెంగాల్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, 1915లో అమెరికాలోని అయోవాలో దంతవైద్యం డిగ్రీ తీసుకున్నాడు. తిరిగొచ్చి 1920లో కలకత్తాలో హిందుస్తాన్‌లోనే మొట్టమొదటి డెంటల్ కాలేజీ పెట్టాడు. ఖర్చులకు న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం ఆమ్దానీ! అంటే షర్బత్ పైసలతో దంతవైద్యులు తయారయ్యారన్నమాట. 1949లో కాలేజీని సర్కారుకి ఇచ్చేశాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. కాలేజీకి ఇప్పుడు ఆయన పేరే. ఆయన పుట్టిన డిసెంబర్ 24నే మన దేశంలో డెంటిస్టుల దినం. మా ఫుప్పు వాళ్లకి దగ్గరి స్టేషన్ నౌపడ. ఆ పట్టాలు నేరుగా హౌరాకే పోతాయి. అయినా ఆ పేరు అక్కడి మన ఇళ్లలో ఎవరూ వినలేదు.

ఇక గుస్ల్ సంగతి. గుస్ల్‌లో కుల్లీ ఫర్జ్, అది నిజమే. కానీ తీయడానికి వీల్లేకుండా అతికించిన క్యాప్ పన్నులో భాగం కిందే లెక్క. పైన నీళ్లు తగిలితే గుస్ల్ అయిపోయినట్టే అని ముఫ్తీలు చెబుతూనే ఉన్నారు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లనైతే తీసి కుల్లీ చేయాలి.

ఈ షక్ తీరక ఫుప్పు ఏం చేసిందో తెలుసా? దర్ద్ వచ్చినప్పుడల్లా మెడికల్ షాపు గోలీ. పక్కనే ఉద్దానం. ఎన్ని ఇళ్లలో కిడ్నీ మరీజ్‌లున్నారో ఆ ఇలాకా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆస్పత్రే కట్టాల్సి వచ్చింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు గుర్దాలను దెబ్బ తీస్తాయి. పంటి డాక్టరు దగ్గరికి పోయినా ముందు క్రియాటినిన్ ఎంతో చెప్పండి.

క్యాప్ వేశాక పన్నుకి ఇక పురుగు పట్టదనుకోవడం గలతీ. క్యాప్ అంచు, చిగురు కలిసే చోటే కుళ్లుతుంది. బ్రష్ గానీ మిస్వాక్ గానీ అక్కడ మెల్లగా తిరగాలి, పళ్ల సందుల్లో దారం ఆడాలి. ఆ పన్నుతో వక్క కొరకొద్దు. క్యాప్ ఊడితే ఇంట్లో గమ్ పెట్టి అతికించకుండా డబ్బీలో వేసి డాక్టరుకి చూపించాలి. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు నడుస్తుంది.

చీలిన పన్ను పీకించక తప్పలేదు. రెండో వైపు పన్నుకి మొన్న రంజాన్ ముందు క్యాప్ వేయించాం. అద్దంలో చూసుకుని ఫుప్పు కొంచెం అఫ్సోస్ పడింది. "తెల్లది వేయించావేంట్రా? ఔరతులకి సోనా జాయిజే కదా. మా సాస్‌కి రంగూన్‌లో కట్టించుకున్న బంగారు పన్నుండేది. నవ్వితే తళుక్కుమనేది."