నిజామాబాద్ జిల్లాలో రెండు వలసలు

బోధన్ చుట్టుపక్కల పేరు చివర ‘క్యాంపు’ అని ఉండే ఊళ్లను మీరు చూసే ఉంటారు. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్లవి. డెల్టాలో కొద్దిపాటి పొలం అమ్మిన డబ్బుతో ఇక్కడ అంతకు రెట్టింపుకు మించి భూమి దొరికేది. కాలువ నీరు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తోడయ్యాయి. పట్టా చేతికి రావడంతో వారి పిల్లలు ఇక్కడివారే అయ్యారు. భూమి అమ్ముకున్న స్థానిక రైతుల సంగతి వేరుగా చదవవలసినది.

నందిపేట్, ఆర్మూర్ పల్లెల నుంచి 1970ల తరువాత గల్ఫ్‌కు వెళ్లినవారు పెట్టుబడితో కాదు, ఏజెంటుకు కట్టిన అప్పుతో బయలుదేరారు. కష్టపడే గుణంలో తేడా వెతకకండి. కఫాలా పద్ధతిలో కూలీ అక్కడ ఉండగలగడం యజమానిపై ఆధారపడి ఉండేది. ఏళ్ల తరబడి పనిచేసినా పౌరసత్వం దక్కేది కాదు. అందుకే సంపాదన ఇక్కడి ఇంటికీ, పెళ్లిళ్లకూ చేరింది. అప్పు తీరేదాకా ఎన్నో ఇళ్లను నడిపింది ఆడవాళ్లు చుట్టిన బీడీలే.